మేస్త్రిగారి లాంచీకి చెక్ వాల్వు

పెళ్ళయి కొవ్వూరు వచ్చిన కొత్తలో మా మావయ్యగారు నాతో నేరుగా మాట్లాడేవారు కారు. కోపం ఉండి కాదు, ఆ ఇంటి పద్ధతి అది. నేను ఎదురుగానే ఉన్నా అత్తయ్యగారి వైపు తిరిగి "అమ్మాయి భోంచేసిందా?" అని అడిగేవారు. ఆవిడ నా వైపు తిరిగి "భోంచేశావా అమ్మా?" అనేవారు. చేశానని నేను చెబితే, "చేసిందటండీ" అని ఆయనకు అందించేవారు. మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. మాట మాత్రం పక్క ఊరు వెళ్ళి వచ్చినట్టు ఉండేది.

ఆయన కాలువల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా లాకుల దగ్గర, పడవల రాకపోకలు చూస్తూ గడిచింది. మా ఆయనకు కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టులు. సెలవు దొరికినప్పుడు వచ్చి వెళ్ళేవారు. నేను గోదావరికి అవతల, రాజమండ్రిలో ఒక పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. లేతు మిషను మీద కుర్రాళ్ళకు పని నేర్పడం నా ఉద్యోగం. పాత రైలు వంతెన మూసేసి, బళ్ళన్నీ కొత్తవాటి మీద నడుపుతున్న రోజులవి. పొద్దున్నే ప్యాసింజరు బండి ఎక్కితే చలికాలంలో నది కనిపించేది కాదు. కిటికీ బయట అంతా తెల్లగా ఉండేది. ఒక్కోసారి బండి వంతెన మధ్యలో ఆగిపోయేది. కింద నీళ్ళున్నాయో లేవో తెలియదు, ముందు ఊరుందో లేదో తెలియదు. మాట్లాడుకునేవాళ్ళు కూడా గొంతు తగ్గించేవారు. ఆ కాసేపూ నాకు ఇల్లూ ఉద్యోగమూ రెండూ ఎప్పుడో విన్న సంగతుల్లా అనిపించేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరటి వరండాలో మావయ్యగారు ఒక గోనెపట్టా విప్పారు. లోపల చిన్న లాంచీ ఉంది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకోవచ్చు, అంత. టేకు చెక్కతో చేసిన ఒళ్ళు. మధ్యలో రాగి బాయిలరు, దాని పక్కన వేలెడంత ఇంజను. వెనకవైపు చెక్క కేబిను. దాని కిటికీలకు చీపురుపుల్ల కంటే సన్నటి రెక్కలు, ఒక్కొక్కటీ విడిగా చెక్కినవి.

దాన్ని చేసింది మావయ్యగారి చిన్ననాటి స్నేహితుడు. రాజమండ్రి రేవులో లాంచీలకు మెకానిక్కుగా పనిచేసిన మనిషి. అందరూ మేస్త్రిగారనే పిలిచేవారు. చిన్నప్పుడు వాళ్ళిద్దరూ ఆవిరి లాంచీలో కాలువ వెంట ప్రయాణాలు చేశారట. ముసలితనంలో మళ్ళీ అలాంటిదాన్ని నీళ్ళమీద చూడాలనిపించి, ఏళ్ళ తరబడి కూడబలుక్కుని దీన్ని చేశారు. రాగి రేకు తేవడం, బొమ్మ గీయడం మావయ్యగారి వంతు. చెయ్యి మేస్త్రిగారిది. పని దాదాపు పూర్తయింది. కిందటి వానాకాలంలో మేస్త్రిగారు పోయారు.

"అమ్మాయి లేతు మీద పనిచేస్తుంది కదా. దీన్నొకసారి చూస్తుందేమో అడుగు" అన్నారు మావయ్యగారు, అత్తయ్యగారితో.

అత్తయ్యగారు చేటలో బియ్యం ఏరుతున్నారు. "ఆ మిషన్ల మాటలు నా నోట పలకవండీ. సగం చెప్పి సగం మింగేస్తాను. మీరే అడగండి" అని చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

వరండాలో మేమిద్దరమే మిగిలాం. పక్కింట్లో రేడియో ఏదో చెబుతోంది. ఆయన లాంచీ వైపే చూస్తూ, లాంచీకే చెబుతున్నట్టు, "బాయిలర్లోకి నీళ్ళు వెళ్ళటం లేదు" అన్నారు.

"ఒకసారి విప్పి చూడొచ్చాండీ?" అన్నాను.

"చూడమ్మా" అన్నారు.

నాతో ఆయన నేరుగా అన్న మొదటి మాట అదే.

ఆ లాంచీ కథ ఇది. మంట పెడితే బాయిలర్లో నీళ్ళు మరిగి ఆవిరి పుడుతుంది, ఆవిరి ఇంజనును తిప్పుతుంది. కానీ ఆవిరి పోయేకొద్దీ లోపల నీళ్ళు తగ్గుతాయి. పూర్తిగా అయిపోతే రాగి మాడిపోతుంది. అందుకని ఇంజనుకే చిన్న పంపు తగిలించారు మేస్త్రిగారు. అది లాంచీ అడుగు నుంచి కాలువ నీళ్ళు పీల్చి బాయిలర్లోకి తోస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, లోపలున్న ఆవిరి ఆ నీళ్ళను అంతకంటే గట్టిగా వెనక్కి తోస్తుంది. కాబట్టి దారిలో లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపు ఉండాలి. దాన్నే చెక్ వాల్వు అంటారు. ఇత్తడి గొట్టంలో ఒక రంధ్రం, రంధ్రం మీద ఒక గుండు. కింది నుంచి నీళ్ళు తోస్తే గుండు లేస్తుంది, పైనుంచి తోస్తే గుండు కూర్చుని దారి మూసేస్తుంది. గోళీసోడా సీసా మూతి దగ్గర గోళీని లోపలి గ్యాసే నొక్కి పట్టినట్టన్నమాట.

మేస్త్రిగారు చేసిన వాల్వులు రెండూ విప్పాను. ఒకటి పంపు కింద, ఒకటి బాయిలరు గుమ్మంలో. గుండు కూర్చునే అంచు గుండ్రంగా లేదు. ఒకవైపు చిన్న గీత పడి ఉంది. చివరి రోజుల్లో ఆయన చేతులు వణికేవని మావయ్యగారు చెప్పారు. "లైటు వెలుగు చాలటం లేదనేవాడు. నేను దీపం దగ్గరికి జరిపేవాణ్ణి. వెలుగు కాదని ఇద్దరికీ తెలుసు" అన్నారు.

మర్నాటి నుంచి సాయంత్రం క్లాసులయ్యాక వర్క్‌షాపులో ఆగిపోవడానికి ప్రిన్సిపాలుగారి అనుమతి తీసుకున్నాను. కుర్రాళ్ళు వెళ్ళిపోయాక ఆ షెడ్డు మరో చోటులా ఉండేది. పడమటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా వచ్చి మిషన్ల మీద పడేది. పొద్దంతా లేచిన దుమ్ము ఆ వెలుగులో మెల్లగా దిగేది. నేను ఒక్క లేతు మాత్రం ఆన్ చేసి ఇత్తడి కడ్డీ బిగించేదాన్ని. ఉలి తగలగానే ఇత్తడి సన్నటి పొడిలా రాలుతుంది. పసుపు రాలుతున్నట్టే ఉంటుంది. అంత చిన్న పని మీద చూపు నిలిపితే చుట్టుపక్కల ఏమీ ఉండదు. బండి టైమయిందని ఎవరైనా వచ్చి చెబితే గాని నాకు తెలిసేది కాదు.

మొదటి వాల్వులు త్వరగానే వచ్చాయి. గుండ్లు సైకిలు బేరింగులోవి. వాల్వు పట్టిందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. నాలుక కొన మీద ఆనించి గాలి లోపలికి పీల్చాలి. గుండు సరిగ్గా కూర్చుంటే వాల్వు నాలుకకు అతుక్కుని వేలాడుతుంది. నాది వేలాడింది. నోరంతా ఇత్తడి వగరు. ఆ రుచితోనే బండెక్కి, వంతెన దాటుతున్నంతసేపూ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో బల్ల మీద విడిగా పంపుకు బిగించి చేత్తో ఆడిస్తే నీళ్ళు వెళ్ళాయి, వెనక్కి రాలేదు. మావయ్యగారు ఆ రాత్రి భోజనంలో రెండోసారి మజ్జిగ పోయించుకున్నారు. ఆయనకు సంతోషమైతే అలా చేస్తారని అత్తయ్యగారు నాకు సైగ చేశారు.

వారం తిరక్కుండా గుండ్లకు తుప్పు పట్టింది. ఒకటి తన గూట్లోనే బిగుసుకుపోయింది.

తుప్పు పట్టని గుండ్లు ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచిస్తే పొలాల్లో మందు కొట్టే పంపు గుర్తొచ్చింది. అందులోనూ ఇదే పని. బజారులో వాటి సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన స్టీలు గుండ్లు చూపిస్తూ "వరికా అండీ, కొబ్బరికా?" అన్నాడు.

"లాంచీకండీ" అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూసి, "అలాగా. అయితే ఈ చిన్నవి తీసుకోండి" అని ఎంతో మర్యాదగా పొట్లం కట్టి ఇచ్చాడు.

ఈసారి తొందర పడలేదు. డ్రిల్లుతో వేసిన రంధ్రం కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది, కాని సూక్ష్మంగా మూలలుంటాయి. దాన్ని రీమరనే పదునంచుల కడ్డీతో, చేత్తో, ఒకే వైపు తిప్పుతూ నున్నగా చేయాలి. వెనక్కి తిప్పితే గీత పడుతుంది. తర్వాత అంచు మీద ఒక గుండు పెట్టి, ఇత్తడి కడ్డీ ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. గుండు తన ఆకారాన్ని అంచు మీద అచ్చు వేస్తుంది. తర్వాత ఆ గుండు తీసేసి కొత్త గుండు వేయాలి. దెబ్బ తక్కువైతే అచ్చు పడదు, ఎక్కువైతే అంచు చెడుతుంది. చాలా చెడగొట్టాను. ఎంత దెబ్బ వేయాలో పుస్తకంలో ఉండదు. ఒక సాయంత్రం నా చెయ్యే అది తెలుసుకుంది. అప్పటినుంచి తప్పలేదు.

ఆ రోజుల్లో ఇంటికి వచ్చేసరికి మావయ్యగారు వీధి అరుగు మీద కూర్చుని ఉండేవారు. నేను చెప్పులు విడవకముందే "ఇవాళ ఏమైంది?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఇత్తడి మరిగే నీళ్ళలో నెమ్మదిగా పెళుసెక్కుతుందని, రాగీ తగరమూ కలిపిన గన్‌మెటలైతే బాగుండునని అన్నాను ఒకరోజు. ఆయన లోపలికి వెళ్ళి మేస్త్రిగారి సామాన్లలోంచి ఒక నల్లటి బరువైన ముక్క తెచ్చారు. పాత లాంచీ చక్రం ఇరుసు చుట్టూ ఉండే బుష్షట అది. గీకితే లోపల ఎర్రటి బంగారు రంగు. "నీళ్ళలో ఎన్నేళ్ళు తిరిగిందో. దీనికేం కాదు" అన్నారు.

చివరి వాల్వులు ఆ ముక్కలోంచే చేశాను.

అయినా పని కాలేదు. బల్ల మీద పట్టిన వాల్వు లాంచీలో బిగిస్తే పట్టలేదు. పంపు ఆడిస్తే నీళ్ళు వెళ్ళడం, ఆపగానే సన్నగా వెనక్కి రావడం. విప్పి నాలుక మీద పెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. తిరిగి బిగిస్తే అదే కథ. రెండు మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది. బాయిలరు మీద వాల్వు నిలబడటానికి ఎత్తు లేదు. బాయిలరు మీది దాకా సాగిన కేబిను కప్పు అడ్డం. అందుకని మేస్త్రిగారు దాన్ని పడుకోబెట్టారు, నేనూ అలాగే బిగించాను. పడుకున్న వాల్వులో గుండు తన బరువుతో వచ్చి కూర్చోదు, పక్కకు జారి ఎక్కడో ఆగుతుంది. స్ప్రింగు పెట్టి చూశాను. గట్టిదైతే పంపుకు లొంగలేదు, మెత్తదైతే ఉన్నా లేనట్టే.

"నిలబెట్టాలండీ. కప్పుకు కన్నం పెట్టాలి" అన్నాను.

మావయ్యగారు కేబిను మీద చెయ్యి వేశారు. ఆ కప్పు ఒకే టేకు పలకను ఆవిరి పట్టి వంచి చేసింది. దాని అంచుకు వరికంకుల వరస చెక్కి ఉంది. లాంచీ మొత్తంలో మేస్త్రిగారు తన సరదా కోసం చేసుకున్నది అదొక్కటే. ఆ తర్వాత కొన్నాళ్ళు లాంచీ మాట రాలేదు. గోనెపట్టా మళ్ళీ కప్పేశారు. అరుగు మీద కూర్చునేవారు గాని ఏమైందని అడిగేవారు కాదు. అడగడానికి ఏమీ లేదు కూడా.

ఒక ఆదివారం పొద్దున్న ఆయన లాల్చీ వేసుకుని, "మేస్త్రి ఇంటికి వెళ్దాం, వస్తావా అమ్మా?" అన్నారు.

మేస్త్రిగారి భార్య కాలువ గట్టున ఒక పెంకుటింట్లో ఉండేవారు. నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని. మావయ్యగారు పట్టా విప్పి లాంచీని ఆవిడ ముందు పెట్టి సంగతి చెప్పారు. ఆవిడ కిటికీ రెక్కల మీద వేలు నడిపించారు.

"ఇవి చెక్కినన్నాళ్ళూ నా చీపుళ్ళన్నీ పుల్లలు కొలిచి చూడ్డానికే పోయాయండి" అన్నారు. "ఏంటండీ ఈ పిచ్చి అంటే, కేబినులో మనమిద్దరం కూర్చుంటాం, గాలి రావద్దూ అనేవారు."

మావయ్యగారు తల వంచుకున్నారు. "ఆ కప్పుకే కన్నం పెట్టాలంటోంది అమ్మాయి."

"పెట్టండి మరి. లాంచీ కదలకపోతే లోపల ఎవరు కూర్చుని ఏం చేస్తారండీ?" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగి, "వరికంకులు తెగకుండా చూడమ్మా" అన్నారు మెల్లగా.

కోసింది మావయ్యగారే. వరండాలో లాంచీని నేను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఆయన సన్నటి రంపంతో, ఊపిరి బిగబట్టి, నాణెమంత గుండ్రటి ముక్క కోశారు. టేకు వాసన వచ్చింది. ఆ కన్నంలోంచి గన్‌మెటల్ వాల్వు తల పైకి వచ్చి కప్పు మీద చిన్న కలశంలా నిలబడింది. మొదటినుంచీ అక్కడ ఉండవలసిందేనేమో అన్నంత పొందిగ్గా ఉంది. ముందు చన్నీళ్ళతోనే ఒత్తిడి పెట్టి చూశాం. బాయిలరు ప్రెషర్ మీటరు ముల్లు ఎక్కింది, ఎక్కినచోటే ఆగింది. పంపు ఆడించినప్పుడల్లా వాల్వులోంచి గుండు పడే చప్పుడు, గడియారం కంటే మెత్తగా, వినిపించింది. ఆయన చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నారు. అత్తయ్యగారు కూడా వచ్చి విని "లోపల ఎవరో ఉన్నట్టుందండీ" అన్నారు.

ఎండాకాలానికని కాలువలకు నీళ్ళు కట్టేయకముందే, మంచు ఇంకా పడుతున్న ఒక పొద్దున్న పిన్నిగారి ఇంటి ముందు రేవులో లాంచీని నీళ్ళలో పెట్టాం. మా ఆయన కూడా సెలవు మీద వచ్చి ఉన్నారు. అవతలి గట్టు కనిపించడం లేదు. కొబ్బరి చెట్ల తలలు మాత్రం కాండాలు లేకుండా గాలిలో తేలుతున్నాయి. స్పిరిటు దీపం వెలిగించి బాయిలరు కిందికి తోశాను. నీలి మంట పగటి వెలుతుర్లో ఉందో లేదో తెలియడం లేదు. కాసేపటికి రాగి చిటపటలాడింది. మావయ్యగారు మెట్టు మీద కూర్చుని పంచె తడుస్తున్నా చూసుకోకుండా ఇంజను చక్రాన్ని వేలితో ఒక తిప్పు తిప్పారు.

అది కదిలింది. మొదట తడబడి, తర్వాత తన నడక తాను తెలుసుకుని, గట్టు వారగా సాగింది. వెనక పొడుగాటి దారం కట్టాం. దాని కొస మా ఆయన చేతిలో ఉంది. అంతకు ముందు మేస్త్రిగారు బతికుండగా నడిపినప్పుడల్లా నీళ్ళు అయిపోతాయన్న భయంతో కాసేపటికే మంట ఆర్పేసేవారట. ఈసారి ఆర్పలేదు. లాంచీ కాలువ నీళ్ళనే తాగుతూ, వాటినే ఆవిరి చేసి వదులుతూ వెళ్తోంది. దాని ఆవిరి ఏదో, పొద్దుటి మంచు ఏదో విడదీసి చూడలేకపోయాను. మావయ్యగారూ, పిన్నిగారూ, మా ఆయనా, నేనూ నలుగురం గట్టు మీద దాని పక్కనే నడిచాం. దాని చప్పుడుకు మా అడుగులు వాటంతటవే కలిశాయి. ఎంత దూరం నడిచామో, ఎంతసేపో నాకు తెలియదు. నిద్రలో నడిచిన దూరంలా ఉంటుంది ఇప్పుడు తలచుకుంటే.

మావయ్యగారే మొదట నోరు తెరిచారు. "మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఇంజను అదురుకి ఆవిడ మోకాలు అదిరేది. నిద్రపోయేవాణ్ణి. మెలకువ వస్తే ఊరు మారిపోయి ఉండేది" అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో తెలియదు. పిన్నిగారు ఊఁ కొట్టారు.

కాలువ మలుపు దగ్గర గుర్రపుడెక్క దట్టంగా ఉంది. లాంచీ దాని అంచుకు చేరేసరికి చప్పుడు నెమ్మదించింది. వాల్వులో గుండు చప్పుడు ఒకసారి తప్పింది, మళ్ళీ తప్పింది. పంపు నాచు పీల్చిందని నాకు తెలిసిపోయింది. "దీపం తీసెయ్యాలి" అన్నాను. మా ఆయన దారం లాగితే అది ఆకుల్లో చిక్కుకుంది. అవతల బాతులు మేపుతున్న మనిషి మంచులోంచి బయటికి వచ్చి, విషయం అడక్కుండానే, తన పొడుగాటి వెదురుకర్రతో లాంచీని సుతారంగా మా వైపు తోశాడు. బాతులు కొన్ని దాని వెంట వచ్చాయి.

పిన్నిగారు మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి దాన్ని ఎత్తుకున్నారు. చెక్క వెచ్చగా ఉంది. ఆవిడ పైట చెంగుతో దాని అడుగు తుడిచి, కేబిను కిటికీలోంచి లోపలికి ఒకసారి చూశారు. "బాగా నడిచారు" అన్నారు. నడిచింది అనలేదు.

లాంచీని ఆవిడ దగ్గరే ఉంచాం. నేనూ మావయ్యగారూ వీలున్న ఆదివారాల్లో వెళ్ళి నడిపేవాళ్ళం. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఆయన రెండో లాంచీకి బొమ్మ గీయడం మొదలుపెట్టారు. కప్పు ఎత్తుగా గీశారు. ముందు నాచు సంగతి తేల్చాలన్నాను నేను. పంపు మూతికి సన్నటి జల్లెడ ఉంటే చాలు, కాని అంత సన్నటి ఇత్తడి వల బజారులో ఎంత తిరిగినా దొరకలేదు. ఒక సాయంత్రం ఆయన లాల్చీ జేబులోంచి అలాంటిది ఒకటి తీసి నా చేతిలో పెట్టి, ఎక్కడిదని అడగవద్దన్నారు. ఆ వారమంతా అత్తయ్యగారు టీ గుడ్డలో వడపోశారు.